కాకి పాటపిట్టే, కోయిల కాదు: వేళ్ళ నుంచి గొంతు దాకా

వేపకొమ్మ
నిద్రపోయే పిట్ట కొమ్మ మీంచి ఎందుకు పడిపోదు అని వెతికితే అన్నిచోట్లా ఒకటే జవాబు: కాలు మడవగానే వేళ్ళు వాటంతటవే బిగుసుకుంటాయని. ఇది పిచ్చుక, గోరింక, కాకి, కోయిల అన్నిటికీ ఒకటేనా? ఇంకో సందేహం. పాటపిట్టల వర్గంలో కాకిని చేర్చి కోయిలను బయట పెడతారు. అది పాదాన్ని బట్టా, గొంతుని బట్టా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి.

ఈకలూఎముకలూ
ముందు కాలు సంగతి. పిట్ట కాలు మధ్యలో వెనక్కి వంగినట్టు కనిపించేది మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు పొట్ట పక్క ఈకల్లో దాక్కుని ఉంటుంది. చీలమండ కింద పొలుసులతో పుల్లలా కనిపించేది మన పాదంలో మడమకీ వేళ్ళకీ మధ్య ఉండే భాగం. అంటే పిట్ట ఎప్పుడూ మునివేళ్ళ మీదే నిలబడి ఉంటుంది.

ఆ పుల్లలాంటి భాగంలో, వేళ్ళలో కండ దాదాపు ఉండదు. వేళ్ళు ముడిచే కండరాలు పైన పిక్కలో ఉంటాయి. వాటి నుంచి స్నాయుబంధనాలు, మన వాడుకలో నరాలు, చీలమండ వెనక గాడుల్లోంచి దిగి వేళ్ళ అడుగుగా గోరు దాకా పోతాయి. కోడిని కోసినప్పుడు పక్కన పడేసే కాలు తీసుకుని చూడండి. కోసిన చోట తెల్లగా మెరిసే నరాన్ని పట్టుకుని లాగితే వేళ్ళు ముడుచుకుంటాయి. చీలమండ బాగా వంగినప్పుడు ఆ నరం చుట్టి రావలసిన దారి పెరుగుతుంది కాబట్టి అక్కడా అదే లాగుడు పడుతుంది. మీరు చదివిన జవాబుకి మూలం ఇదే. 17వ శతాబ్దంలో ఇటలీలో బొరెల్లి అనే శాస్త్రవేత్త ఈ మాట రాశాడు, అప్పటి నుంచి అలాగే నడుస్తోంది.

అయితే కోడికాలు చూసి పిచ్చుక కాలిని పూర్తిగా అర్థం చేసుకోలేం. కొమ్మపిట్టలకి, అంటే పాసరిఫార్మిస్ క్రమానికి, మూడు వేళ్ళు ముందుకి, ఒకటి వెనక్కి. వెనక వేలు ముందు వేళ్ళతో సమానమైన మట్టంలో మొదలవుతుంది, దిట్టంగా ఉంటుంది, చాలావాటిలో దాని గోరే అన్నిటికన్నా పెద్దది. కోడికి వెనక వేలు చిన్నది, కాస్త పైన మొలిచి ఉంటుంది. ఇంకో తేడా లోపల ఉంది. కోడిలో వెనక వేలి నరానికీ ముందు వేళ్ళ నరానికీ మధ్య ఒక అతుకు ఉంటుంది, ఒకదాన్ని లాగితే రెండోదీ కదులుతుంది. కొమ్మపిట్టల్లో ఆ అతుకు లేదు. వెనక వేలు తన కండరంతో తాను పనిచేస్తుంది. సన్నటి గడ్డి పరక మీద కూడా ముందు వేళ్ళు ఒకరకంగా, వెనక వేలు ఇంకోరకంగా సర్దుకోగలగడం దీనివల్లే.

ప్రపంచంలో సుమారు 11,000 పక్షి జాతులుంటే అందులో 6,500 దాకా ఈ ఒక్క క్రమంలోనే ఉన్నాయి. పిచ్చుక, గోరింక, కాకి, పికిలిపిట్ట, గిజిగాడు, జీనువాయి, తేనెపిట్ట, ఏట్రింత, నల్లంచి అన్నీ ఇందులోవే.

చెరువుగట్టు
పై పోస్టులో శరీర నిర్మాణం అంతా సరే. కానీ నిద్రలో పిట్టను పట్టి ఉంచేది ఆ నరాల లాగుడే అన్నమాట నిలబడదు. 2012లో యూరప్ స్టార్లింగుల మీద చేసిన ప్రయోగం అచ్చయింది. స్టార్లింగు అంటే మన గోరింక కుటుంబమే. నిద్రపోతున్న పిట్టల కాళ్ళు కొద్దిగానే వంగాయి, వేళ్ళు కొమ్మ చుట్టూ బిగుసుకోలేదు. బరువంతా పాదం మధ్యలో ఉండే మెత్త మీద నిలబెట్టుకుని ఉన్నాయి. మత్తుమందు ఇచ్చి అదే భంగిమలో కూర్చోబెడితే వేళ్ళు తమంతట ముడుచుకోలేదు, పిట్ట నిలవలేదు. నరాలే తాళం వేసి పట్టుకునేటట్టయితే మత్తులో కూడా పట్టు ఉండాలి కదా.

అంటే నిద్రలో కూడా పిట్ట సమతూకాన్ని చూసుకుంటూనే ఉంటుంది. లోపలి చెవి ఎలాగూ ఉంది. దానికి తోడు నడుము భాగంలో, వెన్నుపాము చుట్టూ పక్షులకి మాత్రమే ఉన్న ఒక ఏర్పాటు ఒంటి వాలుని పసిగడుతుందని చెప్పే ఆధారాలు బలంగానే ఉన్నాయి. తల రెక్కల్లో దూర్చి పడుకున్న పిట్టకి ఇది చాలా అవసరం.

ఈకలూఎముకలూ
ఒప్పుకుంటాను చెరువుగట్టు గారూ, నా మొదటి పోస్టు చదివితే ఆ అపోహే బలపడేలా ఉంది. ఒక్కటి మాత్రం కలపాలి. నరం అడుగున సన్నటి బొడిపెలు, దాని తొడుగు లోపల అడ్డంగా గీతల్లాంటి మడతలు ఉంటాయి. వేలి మెత్త మీద బరువు పడి నొక్కుకున్నప్పుడు ఇవి రంపపు పళ్ళలా ఒకదానిలో ఒకటి దిగి, కండరం శ్రమ తగ్గిస్తాయి. ఊగే కొమ్మని గట్టిగా పట్టాల్సి వచ్చినప్పుడు, తలకిందులుగా వేలాడినప్పుడు పనికొచ్చేది ఇది. ప్రశాంతంగా కూర్చుని నిద్రపోవడం వేరు, వేలాడటం వేరు. రెండింటికీ ఒకే జవాబు చెప్పడం వల్ల వచ్చిన గందరగోళం ఇది.

తాటితోపు
పాదం చూసి గుర్తుపట్టడానికి నేను చెప్పే తేలిక గుర్తు: కరెంటు తీగ. ఎగురుతూ పురుగులు పట్టే సన్న రెక్కల పిట్టలు రెండు రకాలు కనిపిస్తాయి, వానకోయిలలు (పేరులో కోయిల ఉన్నా కోయిలలు కావు, ఇంగ్లీషులో స్వాలోలు), స్విఫ్ట్‌లు. గాల్లో చూస్తే ఒకేలా ఉంటాయి. తీగ మీద వరసగా వాలితే అది వానకోయిల, కొమ్మపిట్ట. స్విఫ్ట్ తీగ మీద కూర్చోదు, దాని పాదం గోడకీ తాటాకుకీ గోళ్ళు దించి వేలాడటానికే సరిపోతుంది. తాటి స్విఫ్ట్ అయితే గూడుని కూడా తాటాకు అడుగున ఉమ్మితో అతికిస్తుంది. కొమ్మ మీద నిలబడే పాదం లేకపోతే బతుకు ఎంత మారిపోతుందో దాన్ని చూస్తే తెలుస్తుంది.

చెరువుగట్టు
తాటితోపు గారి గుర్తు ఆ రెండింటి మధ్య తేడాకి బాగుంది. కానీ "తీగ మీద వాలింది కాబట్టి కొమ్మపిట్ట" అని తిరగేసి చదవకండి. పాలపిట్ట తీగ మీదే కూర్చుంటుంది, అది కొమ్మపిట్ట కాదు. పైగా దానికీ మూడు వేళ్ళు ముందుకి, ఒకటి వెనక్కే. పావురానికీ అంతే. లకుముకి పిట్టకి ముందు వేళ్ళు కొంతమేర అతుక్కుని ఉంటాయి. కోయిలకి, చిలుకకి రెండు ముందుకి, రెండు వెనక్కి. కాబట్టి కోయిల పాదం దగ్గరే తేలిపోయింది. పాలపిట్ట విషయంలో మాత్రం వేళ్ళ లెక్క ఒక్కటీ చాలదు. నరాల అమరిక, గొంతు, వీర్యకణాల ఆకారం దాకా చూసి వర్గీకరిస్తారు. ఇప్పుడైతే డీఎన్‌ఏ ఉంది.

పొద్దుపొడుపు
గొంతు సంగతి నేను రాస్తాను.

మనకి స్వరపేటిక గొంతు పైభాగంలో ఉంటుంది. పక్షుల్లో కూత పుట్టేది అక్కడ కాదు. వాయునాళం ఛాతీలోకి దిగి రెండు శ్వాసనాళాలుగా చీలే చోట, గుండెకి దగ్గరగా, సిరింక్స్ ఉంటుంది. మన జంతుశాస్త్ర పాఠాల్లో దాన్నే శబ్దిని అంటారు. పాటపిట్టల్లో చీలిక దగ్గర రెండు వైపులా విడివిడిగా కంపించే పొరలు, వాటిని సాగదీసి వదిలే అనేక జతల చిన్న కండరాలు ఉంటాయి. ఎడమ వైపుకి ఎడమ నాడి, కుడి వైపుకి కుడి నాడి. కాబట్టి ఒకే పిట్ట ఒకేసారి రెండు స్వరాలు పలకగలదు, లేదా ఒకదాని నుంచి ఇంకోదానికి అతుకు తెలియకుండా మారగలదు.

ఉత్తర అమెరికా కార్డినల్ పిట్ట దీనికి మంచి ఉదాహరణ. కింది స్థాయి నుంచి పైకి జారే దాని ఈలలో కింది భాగం ఎడమ వైపు నుంచి, సుమారు 3.5 నుంచి 4 కిలోహెర్ట్జ్ దాటాక పై భాగం కుడి వైపు నుంచి వస్తుంది. మన చెవికి అది ఒక్కటే గీత. కెనరీ పిట్టల్లో ఎక్కువ పాట ఎడమ వైపు నుంచే వస్తుంది. 1970లలో నాటెబామ్ ఆ వైపు నాడిని కత్తిరించి చూపించాడు, పాటలో చాలా భాగం పోయింది.

ఊపిరి సంగతి ఇంకా గొప్పది. కెనరీ సెకనుకి 30 దాకా ముక్కలు పలుకుతూ పాడుతున్నప్పుడు కూడా ఒక్కో ముక్కకీ మధ్య అతి చిన్న శ్వాస తీసుకుంటుంది. ఊపిరి బిగబట్టి పాడటం కాదది. ఒంట్లో విస్తరించిన వాయుగోణులు కొలిమితిత్తిలా పనిచేస్తాయి. ముక్కు ఎంత తెరవాలి, గొంతు గుహ ఎంత వెడల్పు చెయ్యాలి అన్నది కూడా స్వరాన్ని బట్టి మారుతుంది. పెద్ద నల్లంచి తెల్లవారుజామున డాబా అంచు మీదో యాంటెన్నా మీదో కూర్చుని పాడుతున్నప్పుడు బైనాక్యులర్‌లో చూడండి: పై స్వరానికి ముక్కు బాగా తెరుచుకుంటుంది, కింది స్వరానికి దగ్గరకి వస్తుంది, తోక పైకీ కిందకీ ఆడుతుంది.

వేపకొమ్మ గారి రెండో ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. కాకికి ఈ సంక్లిష్టమైన సిరింక్స్ మొత్తం ఉంది. మన చెవికి ఇంపుగా ఉందా లేదా అన్నది వర్గీకరణలో లెక్కలోకి రాదు. కాకి దగ్గరగా కూర్చున్న జతతో మెల్లగా చేసే గొణుగుడు, గురగుర, టక్కు శబ్దాలు విన్నవాళ్ళకి "కావ్" దాని గొంతులో ఒక ముక్క మాత్రమే అని తెలుస్తుంది.

వేపకొమ్మ
చాలా సంతోషం అండీ. మరి కొమ్మపిట్టలన్నీ పాటపిట్టలేనా? రెండు మాటలూ ఒకదానికొకటి బదులుగా వాడుతున్నాం.

పొద్దుపొడుపు
కాదు. కొమ్మపిట్టల్లో పెద్ద శాఖ పాటపిట్టలు, 5,000 జాతుల దాకా. మిగతావి ఎక్కువగా దక్షిణ అమెరికాలో ఉన్నాయి. మన ప్రాంతంలో ఆ రెండో శాఖకి చెందినది నవరంగ్ అని పిలిచే ఇండియన్ పిట్టా. చలికాలానికి దక్షిణాదికి వస్తుంది, నేల మీద ఆకుల్లో పురుగులు ఏరుకుంటుంది, పొద్దునా సాయంత్రం రెండు ముక్కల ఈల వేస్తుంది.

ఈ రెండు శాఖల మధ్య తేడా నేర్చుకోవడంలో ఉంది. పాటపిట్ట పిల్ల తన పాటని విని నేర్చుకోవాలి. 1950లలో ఇంగ్లండ్‌లో థోర్ప్ చాఫించ్ పిల్లల్ని పెద్దవాటి పాట వినపడకుండా పెంచితే అవి కుదురులేని మోటు పాటే పాడాయి. 1965లో కొనిషి ఇంకో మెట్టు ఎక్కాడు. తెల్ల తల స్పారో పిల్లలు పాట వినేసిన తరవాత, ఇంకా పాడటం మొదలుపెట్టకముందు వాటికి చెవులు వినపడకుండా చేశాడు. జ్ఞాపకంలో పాట ఉన్నా సరిగ్గా పాడలేకపోయాయి. అంటే విని గుర్తుపెట్టుకోవడం ఒక దశ, తన గొంతు తాను వింటూ దిద్దుకోవడం ఇంకో దశ. ముందు సన్నటి గొణుగుడు, తరవాత రోజుకో రకంగా మారే పాట, చివరికి గట్టిపడ్డ పాట. జీబ్రా ఫించ్‌లో ఇదంతా సుమారు 90 రోజుల్లో పూర్తవుతుంది. మన జీనువాయిలు దాని కుటుంబమే.

రెండో శాఖకి చెందిన ఈస్టర్న్ ఫీబీకి అలాగే చెవులు వినపడకుండా చేస్తే మామూలుగానే పాడింది. దాని పాట పుట్టుకతో వచ్చినది.

ఇప్పుడు కోయిల. గుడ్డు కాకి గూట్లో, పొదిగేది కాకి, నోట్లో తిండి పెట్టేది కాకి, చెవిలో పడేది రోజంతా కావ్ కావ్. అయినా మగ కోయిల పెద్దయ్యాక కుహూ అనే అంటుంది. వినికిడి మీద ఆధారపడి ఉంటే అది కాకిలా అరవాలి. కోయిల పాట కోయిలకి పుట్టుకతో వచ్చింది. కాకి అలా కాదు, కొత్త శబ్దాలు నేర్చుకోగలదు. మన భాషలో ఇంపైన గొంతుకి కోయిలే కొలమానం, అందులో తప్పేమీ లేదు. కానీ నేర్చుకుని పాడే గొంతు ఏదంటే కాకి వైపే నిలబడాలి. పక్షుల్లో ఇలా కూత నేర్చుకునేవి పాటపిట్టలు కాక చిలుకలు, హమ్మింగ్ పిట్టలు.

తాటితోపు
ఒక మాట. "మగది పాడుతుంది, ఆడది వింటుంది" అని ఇంకా పుస్తకాల్లో కనిపిస్తోంది. 2014లో ప్రపంచవ్యాప్తంగా జాతుల్ని పోల్చి చూస్తే, సమాచారం దొరికిన పాటపిట్టల్లో 71 శాతం జాతుల్లో ఆడవీ పాడుతున్నాయి. పాటపిట్టల పూర్వీకుల్లోనే ఆడపాట ఉందని తేలింది. పిట్టపాటల మీద పరిశోధన చాలాకాలం యూరప్, ఉత్తర అమెరికా చలిదేశాల పిట్టల మీదే సాగడం వల్ల మనకి ఆ తప్పు అభిప్రాయం మిగిలింది.

కొండగాలి
ఫోన్ యాప్‌తో కూత రికార్డు చేస్తే ఒక్కోసారి షిక్రా డేగ అని చూపిస్తుంది, చెట్టు మీద మాత్రం ఏట్రింత కూర్చుని ఉంటుంది. యాప్ తప్పా?

చెరువుగట్టు
యాప్ తప్పు కాకపోవచ్చు, ఏట్రింత షిక్రా కూతని బాగా అనుకరిస్తుంది. అందుకే కూత ఒక్కటే ఆధారంగా జాబితాలో రాయకూడదు, పిట్టని కళ్ళతో చూడాలి. ఏట్రింతని పోల్చుకోవడం కష్టం కాదు: నల్లటి ఒళ్ళు, తోక చివర లోతుగా చీలి ఉంటుంది. ఇంకో వివరం, చాలా కొమ్మపిట్టల తోకలో 12 ఈకలుంటే దీనికి 10.

రికార్డింగ్‌కి: ఫోన్ అడుగున ఉన్న మైకు పిట్ట వైపు తిప్పండి, వేలు దానికి అడ్డం రాకూడదు. కనీసం 30 సెకన్లు కదలకుండా నిలబడండి. పొద్దున్నే గాలి తక్కువ ఉన్నప్పుడు బాగా వస్తుంది. రికార్డు చేసిన పాటని తిరిగి అక్కడే గట్టిగా వినిపించి పిట్టని రప్పించకండి. గూడు కట్టే కాలంలో ఆ మగపిట్ట ఎవరో చొరబడ్డారని పాడుతూ, వెతుకుతూ తిండి, కాపలా రెండూ వదిలేస్తుంది.

గడ్డిపరక
పాదం, ముక్కు కలిసి పనిచేసేది చూడాలంటే గిజిగాడిని మించింది లేదు. వానలు మొదలయ్యాక, చెరువు మీదకి ఒరిగిన తుమ్మకో, ఈతకో, తాటికో కడుతుంది.

మగపిట్ట వరి ఆకు అంచున ముక్కుతో గాటు పెట్టి, ఆ కొస పట్టుకుని ఎగురుతుంది. ఆకు ఈనె వెంట సన్నటి పోగు చీలి వస్తుంది, 20 నుంచి 60 సెంటీమీటర్ల పొడవు. మొదటి పోగుని కొమ్మకేసి ఒక కాలితో నొక్కిపట్టి, రెండో కొసని ముక్కుతో చుట్టి, తన పోగు కిందనుంచే దూర్చి లాగుతుంది. ఇలా పేనిన తాడు నుంచి ఒక వలయం తయారవుతుంది. ఆ వలయంలో రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి నిలబడి, ముక్కు అందినంత దూరం ముందుకీ పైకీ అల్లుతుంది. కాబట్టి గూడు కొలత పిట్ట ఒంటి కొలతే.

సగం గూడు శిరస్త్రాణంలా వేలాడే దశలో ఆడపిట్టలు వచ్చి లోపలికి దూరి, లాగి చూస్తాయి. నచ్చితేనే మగది గుడ్ల గదీ, కిందకి దిగే గొట్టమూ పూర్తి చేస్తుంది. నచ్చకపోతే అక్కడే వదిలేసి ఇంకోటి మొదలుపెడుతుంది. చెట్టుకి సగం సగం గూళ్ళు వేలాడుతుంటే పిట్టలకి ఏదో అయిందని కంగారు పడనక్కర్లేదు. ఒక మగది ఒకటికన్నా ఎక్కువ ఆడవాటితో జత కడుతుందని సలీం అలీ 1930ల మొదట్లోనే రాశారు. గూడు మొత్తానికి 500 దాకా రాకపోకలు పడతాయి.

పోగు పచ్చిగా ఉండాలి. ఎండిన ఆకైతే వంచేచోట విరుగుతుంది. పచ్చిపోగు ఆరుతూ కుంచించుకుని ముడిని బిగిస్తుంది. అల్లిక మాత్రం పుట్టుకతో పూర్తిగా రాదు. ఆఫ్రికా గిజిగాళ్ళ మీద కోలియాస్ దంపతులు చేసిన పనిలో, చిన్నప్పుడు పచ్చిపోగులతో సాధన చెయ్యనివ్వని పిట్టలు పెద్దయ్యాక సరిగా అల్లలేకపోయాయి.

కొండగాలి
గూట్లోంచి పడిన పిల్లల గురించి కూడా ఎవరైనా రాయండి. వానాకాలంలో అందరూ అడిగేది అదే.

ఈకలూఎముకలూ
ముందు వయసు చూడండి. ఒళ్ళంతా ఈకలుండి, తోక పొట్టిగా ఉండి, మీ వేలు పాదం కింద పెడితే గట్టిగా పట్టుకుంటే అది ఎగరడం నేర్చుకుంటున్న పిల్ల. దాన్ని దగ్గర్లోని గుబురు కొమ్మ మీద పెట్టి దూరంగా వెళ్ళండి, తల్లిదండ్రులు తిండి పెడతాయి. మనిషి ముట్టుకుంటే వదిలేస్తాయన్నది నిజం కాదు.

ఈకలు రాని పిల్లయితే గూట్లోనే తిరిగి పెట్టాలి. గూడు అందకపోతేనే లోపలికి తేవాలి, అదీ పక్షుల్ని చూసే వైద్యుడికో అటవీ శాఖకో అప్పగించే దాకా. మన పిట్టల్ని ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఈలోపు జరిగే మూడు తప్పులు చెబుతాను.

నోట్లో నీళ్ళు పొయ్యడం మొదటిది. పిట్టకి ఊపిరి రంధ్రం నాలుక మొదట్లో, నోటి అడుగునే తెరుచుకుని ఉంటుంది. చుక్క నీళ్ళు అక్కడ పడితే ఊపిరితిత్తుల్లోకే పోతాయి. పాలు, అన్నం రెండోది. పాలు అరగవు, అన్నంతో మాంసకృత్తులు అందవు. గింజలు తినే పిచ్చుక కూడా పిల్లలకి పురుగులే తెచ్చి పెడుతుంది. ఒళ్ళు వెచ్చబడకముందు ఏ తిండీ పెట్టకూడదు.

మూడోది ఎవరూ పట్టించుకోరు: చదునైన పేపరు మీద, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టడం. పిల్ల పాదానికి పట్టు దొరక్క కాళ్ళు రెండు పక్కలకీ జారతాయి. ఎముకలు గట్టిపడే వయసు కాబట్టి అలాగే పెడగా ఉండిపోతాయి, తరవాత కొమ్మ మీద నిలబడలేదు. చిన్న గిన్నెలో టిష్యూ కాగితాన్ని చుట్టలా పేర్చి, మధ్యలో పిల్ల ఇరుకుగా కూర్చునేలా, కాళ్ళు పొట్ట కిందకి వచ్చేలా అమర్చండి.

తాటితోపు
పంజరంలో కెనరీ, జీబ్రా ఫించ్ పెంచేవాళ్ళకి కూడా పాదం గురించే చెప్పాలి. అంగడిలో వచ్చే నున్నటి ప్లాస్టిక్ కడ్డీ అంతా ఒకే మందం. బరువు రోజూ ఒకే చోట పడి పాదం మెత్త ఎర్రబడి, పొలుసు అరిగి, పుండవుతుంది. జామ, వేప పుల్లలు బెరడుతో పెట్టండి. జీబ్రా ఫించ్‌కి 8 నుంచి 12 మిల్లీమీటర్లు, కెనరీకి 10 నుంచి 15, ఒక్కో పుల్ల ఒక్కో మందంలో. వేళ్ళు పుల్ల చుట్టూ మూడొంతుల్లో రెండొంతులు తిరగాలి. ముందు గోళ్ళు, వెనక గోరు ఒకదాని మీదకి ఒకటి వస్తే పుల్ల మరీ సన్నం. గరుకు కాగితం తొడిగిన కడ్డీలు గోళ్ళని అరగదీయవు, పాదాన్ని గీరేస్తాయి.

వేపకొమ్మ
పిచ్చుకల పెట్టె కొలతలు కూడా ఇచ్చేస్తే ఈ చర్చని దాచుకుంటాను.

గడ్డిపరక
రంధ్రం 32 మిల్లీమీటర్లు. ఇంతకన్నా బాగా పెద్దదైతే గోరింక ఆక్రమిస్తుంది. అడుగు 12 నుంచి 15 సెంటీమీటర్ల చతురం, రంధ్రం అడుగుకి కనీసం 12 సెంటీమీటర్ల పైన. రంధ్రం కింద పుల్ల బిగించకండి, పిచ్చుక గోళ్ళతో అంచుకే వేలాడి దూరగలదు; ఆ పుల్ల కాకికి కూర్చుని లోపలికి ముక్కు పెట్టడానికే పనికొస్తుంది. నున్నటి ప్లైవుడ్ అయితే లోపలి ముందు పలక మీద మేకుతో అడ్డంగా గీతలు గీయండి. బయటికి వచ్చే రోజున పిల్ల పాదానికి ఎక్కడానికి పట్టు అదే. రెండున్నర, మూడు మీటర్ల ఎత్తులో, పడమటి ఎండ తగలని గోడకి, సీలింగ్ ఫ్యాను దారిలో లేకుండా కొట్టండి.